సైన్యంలో చేరాలా? ముందు ఏ తలుపో తేల్చుకోండి

ఈ నెల మిలటరీ ఉద్యోగం మీద ఉత్తరాలు ఎక్కువ వచ్చాయి. కొందరు జవాబు ముందే అనేసుకుని, మా చేత అవుననిపించుకోవడానికి రాశారు. వాటిని పక్కన పెట్టి, నిజంగా ఎటూ తేల్చుకోలేక రాసినవాళ్ళకి ఇక్కడ జవాబులిస్తున్నాం. ముందుగా ఒక మాట. ఒకే యూనిఫాం వేసుకున్న నలుగురిలో ఒకరు నాలుగేళ్ళకే ఇంటికొచ్చేస్తారు, ఇంకొకరు పదేళ్ళకో పద్నాలుగేళ్ళకో వస్తారు, మరొకరు పదిహేనేళ్ళు దాటాక పెన్షన్‌తో వస్తారు, నాలుగో ఆయన యాభై దాటాక వస్తాడు. వీళ్ళలో ఎవరి దారి మీదో తెలిస్తే తప్ప చేరాలో వద్దో తేలదు.

ప్రశ్న: ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. వచ్చే నెల పద్దెనిమిది నిండుతాయి. నా ఫ్రెండ్సంతా అగ్నివీర్‌కి అప్లై చేస్తున్నారు. నాన్న మాత్రం డిగ్రీ అయ్యాక చూద్దాం అంటున్నారు. ఏది ముందు?
– ఒక విద్యార్థి, విజయనగరం జిల్లా

జవాబు: ఇద్దరి మాటా కాసేపు ఆపి మీ పుట్టినతేదీ చూడండి. సైన్యంలోకి వెళ్ళే దారులన్నీ వయసుతోనే మూసుకుంటాయి, ఒక్కోటి ఒక్కో వయసులో. ఇంటర్‌తోనే ఆఫీసరు శిక్షణలోకి తీసుకునే నేషనల్ డిఫెన్స్ అకాడమీ, అంటే ఎన్‌డీఏకి పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర దాకా. ఇంటర్‌తో వెళ్ళే టెక్నికల్ ఎంట్రీకీ అంతే. నాలుగేళ్ళ జవాను ఉద్యోగమైన అగ్నివీర్‌కి 2022లో పథకం పెట్టినప్పుడు చెప్పిన వయసు పదిహేడున్నర నుంచి 21. ఏ ఏడాదికి ఆ ఏడాది నోటిఫికేషన్‌లో పుట్టినతేదీల పరిధి ఇస్తారు, దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. డిగ్రీ తర్వాత ఆఫీసర్ల ఎంపిక పరీక్ష సీడీఎస్ రాస్తే డెహ్రాడూన్ ఐఎంఏకి (ఇండియన్ మిలటరీ అకాడమీ) 24 లోపు, చెన్నై ఓటీఏకి (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ) 25 లోపు.

అన్నిటికంటే ముందు మూసుకునేది ఎన్‌డీఏ, టెక్నికల్ ఎంట్రీలు. కాబట్టి ముందు కొట్టాల్సిన తలుపులు అవే. మన దగ్గర పిల్లలు దీన్ని తలకిందులు చేస్తున్నారు. అగ్నివీర్ కోసం రెండేళ్ళు గ్రౌండ్లో పరిగెత్తి, ఇరవై దాటాక ఎన్‌డీఏ అంటే ఏంటని అడుగుతున్నారు.

ఎన్‌డీఏ పరీక్షని యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి లేదు, వయసొక్కటే అడ్డు. ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగానే రాయొచ్చు. మ్యాథ్స్‌కి 300 మార్కులు, జనరల్ ఎబిలిటీకి 600, ఆ తర్వాత ఎస్సెస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) పెట్టే ఇంటర్వ్యూకి 900. ఎంపీసీ వాళ్ళకి మ్యాథ్స్ పెద్ద బాధ కాదు. దెబ్బ తినేది ఇంగ్లీషులో. ఆ 600లో 200 మార్కులు ఇంగ్లీషువే. ప్రశ్నపత్రం ఇంగ్లీషులో, హిందీలో తప్ప తెలుగులో ఉండదు. తప్పు జవాబుకి ఆ ప్రశ్నకున్న మార్కుల్లో మూడో వంతు పోతుంది, అందుకని చివరి పది నిమిషాల్లో అన్నిటికీ ఏదో ఒకటి పెట్టేసి వచ్చే అలవాటు ఇక్కడ పనికిరాదు.

మీరు జేఈఈ మెయిన్ ఎలాగూ రాస్తారు కదా. ఆ ర్యాంకుతోనే ఆర్మీ టెన్ ప్లస్ టూ టెక్నికల్ ఎంట్రీకి, నేవీ బీటెక్ క్యాడెట్ ఎంట్రీకి దరఖాస్తు చేయొచ్చు. వేరే రాతపరీక్ష ఉండదు, నేరుగా ఎస్సెస్‌బీకి పిలుస్తారు. ఆర్మీకి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కలిపి 60 శాతం కావాలి, నేవీకి 70. నేవీ ఇంగ్లీషులో కనీస మార్కులు కూడా అడుగుతుంది. ఎంపికైతే ఇంజినీరింగ్ చదువు సర్కారు ఖర్చే, బయటికొచ్చేది పర్మనెంట్ కమిషన్‌తో, అంటే రిటైరయ్యేదాకా ఉండే ఆఫీసరుగా. జేఈఈ రాసే పిల్లల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఆశ్చర్యం కలిగేంత తక్కువ.

ఇక నాన్నగారి మాట. అగ్నివీర్‌గా వెళ్ళినా డిగ్రీ అవసరం తప్పదు, ఎందుకో కింది జవాబులో రాశాం. ఎన్‌డీఏ రాస్తూనే డిగ్రీలో గానీ ఇంజినీరింగ్‌లో గానీ చేరిపోండి. పందొమ్మిదిన్నర దాటేసరికి ఎన్‌డీఏ రాకపోతే అగ్నివీర్ తలుపు ఇంకా తెరిచే ఉంటుంది, డిగ్రీ పూర్తి చేస్తే సీడీఎస్ కూడా ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి అగ్నివీర్ అంటున్నాడు. నాలుగేళ్ళ తర్వాత చేతికి ఏం వస్తుంది? ఆ తర్వాత ఏంటి? లెక్క వివరంగా చెప్పండి.
– ఒక తండ్రి, గుంటూరు జిల్లా

జవాబు: మీరు లెక్క అడిగారు, లెక్కే చెబుతాం.

మొదటి ఏడాది నెలకి 30,000, రెండో ఏడాది 33,000, మూడో ఏడాది 36,500, నాలుగో ఏడాది 40,000. ఇందులో 30 శాతం సేవానిధి కింద, అంటే చివర్లో ఒకేసారి ఇచ్చే పొదుపు కింద కోసేస్తారు. చేతికొచ్చేది వరుసగా 21,000, 23,100, 25,550, 28,000. రిస్క్, హార్డ్‌షిప్ అలవెన్సులు పోస్టింగును బట్టి విడిగా ఇస్తారు, డీఏ ఉండదు. తిండి, బస, బట్ట సైన్యానివే కాబట్టి చేతికొచ్చిన దాంట్లో చాలా భాగం మిగలాలి. ఫోను, బైకు వాయిదాలు మొదటి జీతం నుంచే మొదలైతే ఏమీ మిగలదు.

నాలుగేళ్ళలో అబ్బాయి జీతం నుంచి కోసింది 5.02 లక్షలు. అంతే మొత్తం ప్రభుత్వం కలుపుతుంది. 10.04 లక్షలు, దానిమీద వడ్డీ. దీనిమీద ఆదాయపు పన్ను లేదు. పెన్షన్, గ్రాట్యుటీ, మాజీ సైనికుడి హోదా, ఆ హోదాతో వచ్చే వైద్యం, క్యాంటీను ఏవీ ఉండవు. ఇది చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. ఊళ్ళో పాత తరం సుబేదార్ గారిని చూసి, మావాడూ అలాగే రిటైరవుతాడనుకుంటారు. ఆయన చేరిన షరతులు వేరు, మీవాడు చేరే షరతులు వేరు.

ఒక్కో బ్యాచ్‌లో 25 శాతం మించకుండా రెగ్యులర్‌లోకి తీసుకుంటారు. నాలుగేళ్ళ పనితీరు, పరీక్షలు, ఫిట్‌నెస్ చూసి చేసే ఎంపిక అది, అడిగి తెచ్చుకునేది కాదు. అలా ఉండిపోయినవాళ్ళు కనీసం మరో పదిహేనేళ్ళు చేయాలి, మామూలు జవాను జీతం, పెన్షన్ నియమాలు వర్తిస్తాయి. వాళ్ళకి సేవానిధిలో తమ వాటా, దాని వడ్డీ మాత్రమే ఇస్తారు, ప్రభుత్వ వాటా రాదు.

నలుగురిలో ముగ్గురు బయటికొస్తారన్న లెక్కతోనే నిర్ణయం తీసుకోండి. ఉండిపోతే మంచిదే, కానీ దానిమీద ఇల్లు కట్టొద్దు. పద్దెనిమిదికి చేరినవాడు ఇరవై రెండుకి బయట ఉంటాడు. అప్పటికి చేతిలో డిగ్రీ ఉందా, పదో తరగతి మెమో ఒక్కటే ఉందా అన్నదాన్ని బట్టి తర్వాతి ముప్పై ఏళ్ళు నడుస్తాయి. అగ్నివీరుల కోసం దూరవిద్య అందించే ఇగ్నో ప్రత్యేక డిగ్రీ పెట్టింది. అందులో సగం క్రెడిట్లు సర్వీసులో నేర్చుకున్న పనికే ఇస్తారు. చేరిన మొదటి ఏడాదే నమోదు చేయించండి. మూడో ఏడాదిలో చూద్దాంలే అన్నవాళ్ళకి పోస్టింగు ఎక్కడ పడుతుందో, పరీక్షలకి సెలవు దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు.

చేరేటప్పుడే ట్రేడు (సైన్యంలో చేసే పని) గురించి కూడా ఆలోచించండి. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లీషుతో మొత్తం 50 శాతం, ప్రతి సబ్జెక్టులో 40 ఉంటే టెక్నికల్‌కి అర్హత ఉంటుంది. మొత్తం 60, ప్రతి సబ్జెక్టులో 50 ఉంటే క్లర్కుకి. పోస్టులు ఎక్కువుంటాయని అందరూ జనరల్ డ్యూటీకే (మామూలు సిపాయి పని) ఎగబడతారు. నాలుగేళ్ళకి బయటికొచ్చేవాడికి వాహనాల రిపేరు, రేడియో సెట్లు, స్టోర్సు లెక్కలు లాంటి పనిలో అనుభవం ఉంటే సివిల్‌లో అది అమ్ముడుపోతుంది.

ప్రశ్న: అగ్నివీర్ రాతపరీక్ష పాసయ్యాను. ర్యాలీకి, అంటే గ్రౌండ్లో పెట్టే దేహదారుఢ్య పరీక్షకి రెండు నెలలుంది. 1600 మీటర్లకి 6 నిమిషాల 20 సెకన్లు పడుతోంది. రోజూ పరిగెత్తుతున్నా తగ్గట్లేదు. పైగా మోకాలి కింద ముందు ఎముక నొప్పి.
– డిగ్రీ విద్యార్థి, ప్రకాశం జిల్లా

జవాబు: తగ్గకపోవడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది: "రోజూ". రోజూ 1600 మీటర్లు ప్రాణం పెట్టి పరిగెత్తడం అంటే రోజూ పరీక్ష రాస్తూ చదవడం మానేయడమే.

2025 నోటిఫికేషన్ ప్రకారం 1.6 కిలోమీటర్లని అయిదున్నర నిమిషాల్లోపు ముగిస్తే 60 మార్కులు, 5:45 లోపు 48, ఆరు నిమిషాల్లోపు 36, 6:15 లోపు 24. 400 మీటర్ల ట్రాకు మీద ఇది నాలుగు రౌండ్లు. మీరిప్పుడు సగటున రౌండుకి 95 సెకన్లు తీస్తున్నారు. 48 మార్కులకి 86, 60 మార్కులకి 82న్నర కావాలి. ముందు ఒక స్నేహితుణ్ణి గీత దగ్గర నిలబెట్టి ప్రతి రౌండు టైము అరిచి చెప్పమనండి. చాలామందిలో కనిపించేది ఇలా ఉంటుంది: మొదటి రౌండు 78, రెండోది 92, మూడోది 106, నాలుగోది 104. కాళ్ళలో సత్తువ లేక కాదు, మొదటి రౌండులో గుంపుతో కొట్టుకుపోవడం వల్ల. మీదీ అదే అయితే, మొదటి రౌండుని 88 దగ్గర పట్టి ఉంచడం నేర్చుకున్నా పది సెకన్ల దాకా కలిసొచ్చే అవకాశం ఉంది.

నొప్పి సంగతి ముందు తేల్చండి. ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో పైనుంచి కిందికి నొక్కుతూ వెళ్ళండి. జానెడు పొడవునా నొప్పిగా ఉండి, కాసేపు పరిగెత్తాక సర్దుకుంటే అది ఎక్కువ పరుగుకి వచ్చిన వాపు. వారం పది రోజులు పరుగు ఆపి సైకిలు తొక్కండి, సిమెంటు రోడ్డు వదిలి మట్టి గ్రౌండుకి మారండి, మడమ దగ్గర ఒకవైపు అరిగిన బూట్లు పారేయండి. అలా కాకుండా ఒక్కచోటే, వేలి కొన పట్టేంత మేర, నొక్కితే ఎగిరిపడేంత నొప్పి ఉండి, రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఎముకలో సన్న పగులు కావచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో అది కనబడకపోవచ్చు, ఎముకల డాక్టరుకి చూపించాల్సిందే. దానిమీద పరిగెత్తితే ఈ ర్యాలీతో పాటు వచ్చే ఏడాదిదీ పోతుంది.

నొప్పి తగ్గాక వారానికి నాలుగు రోజులు చాలు. ఒకరోజు 400 మీటర్లు ఆరుసార్లు, ఒక్కోటి 88 నుంచి 90 సెకన్లలో, మధ్యలో రెండు నిమిషాల నడక. ఒకరోజు నాలుగైదు కిలోమీటర్లు, పక్కవాడితో మాట్లాడగలిగే వేగంలో. ఒకరోజు 800 మీటర్లు మూడుసార్లు, ఒక్కోటి మూడు నిమిషాల్లో. వారాంతంలో ఆరేడు కిలోమీటర్లు నింపాదిగా. రెండు వారాలకోసారి 400 టైములో రెండు సెకన్లు తగ్గించండి. మూడు వారాలకోసారి మాత్రమే పూర్తి 1600 పెట్టి చూడండి. చివరి వారం దూరం సగం చేయాలి, ఆఖరి నాలుగు రోజులు టైము పెట్టి పరిగెత్తకూడదు.

ర్యాలీలో గుంపుగా వదులుతారు. లోపలి అంచు కోసం తోసుకుంటే పడిపోయే ప్రమాదం ఉంది, బయట పరిగెత్తితే దూరం పెరుగుతుంది. రెండో లేన్‌లో రౌండుకి ఏడు మీటర్లకి పైనే అదనం. మొదటి మలుపు బయటినుంచి దాటేసి, గుంపు పలచబడగానే లోపలికి రండి.

బీమ్ (కమ్మీ పట్టుకుని పైకి లేచే పుల్‌అప్స్) గురించి మీరు అడగలేదు, అడగాల్సింది. ఆరు పుల్‌అప్స్‌కి 16 మార్కులు, పదికి 40. అంటే నాలుగు పుల్‌అప్స్‌తో 24 మార్కులు. పరుగులో ఆరు నిమిషాల నుంచి అయిదున్నరకి వస్తే పెరిగేదీ సరిగ్గా 24 మార్కులే. రెండు నెలల్లో ఈ రెంటిలో ఏది తేలికో మీరే చెప్పండి. మోచేతులు పూర్తిగా చాచి వేలాడి, గడ్డం కమ్మీ దాటాలి. కాళ్ళు విసిరి ఊగితే లెక్కలోకి రాదు. స్టూలు ఎక్కి గడ్డం పైన పెట్టుకుని, అయిదు సెకన్లు తీసుకుంటూ నెమ్మదిగా కిందికి దిగండి. అలా అయిదేసి చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. సాధన పరుగు అయిన వెంటనే చేయండి, అక్కడా అలసిన చేతులతోనే చేయాలి. తొమ్మిది అడుగుల గోయి దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్సుకి మార్కుల్లేవు, పాసైతే చాలు. కానీ అక్కడ జారినా అంతే సంగతులు.

గ్రౌండు బయట ఎవరో ఇచ్చే ఇంజెక్షన్లు, బిళ్ళల జోలికి వెళ్ళకండి. దొరికితే అనర్హులవుతారు. దొరక్కపోయినా ఎండలో అవి గుండె మీద పడతాయి.

ప్రశ్న: ర్యాలీలో అన్నీ పాసై మెడికల్లో పోయినవాళ్ళు మా ఊళ్ళోనే చాలామంది ఉన్నారు. ముందుగా ఏం చూపించుకోవాలి?
– ఒక నిరుద్యోగి, నల్గొండ జిల్లా

జవాబు: సాధన మొదలుపెట్టడానికి ముందే జిల్లా ఆసుపత్రిలో చూపించుకోండి, ఏడాది పరిగెత్తాక కాదు. రంగులు గుర్తించే పరీక్షలో పోతే దానికి చికిత్స లేదు. అది మొదటిరోజే తెలిస్తే ఆ ఏడాది వేరే ఉద్యోగానికి పనికొస్తుంది. చదునుపాదం, మోకాళ్ళు తగలడం, మెల్ల కూడా ముందే కనబడేవే. పాదాలు తడిపి గచ్చు మీద నిలబడితే ముద్రలో లోపలి వంపు కనబడాలి.

చిన్న చికిత్సతో పోయేవి ఇంకో రకం. చెవిలో గుబిలి, పుచ్చిన పళ్ళు, మొలలు, హైడ్రోసిల్, వేరికోసిల్, ముక్కు దూలం వంకర. పళ్ళకి పాయింట్ల లెక్క ఉంటుంది, కనీసం 14 రావాలి. ఆపరేషన్ అవసరమైతే ర్యాలీ ముందు వారం చేయించుకుంటే కుట్లు మానవు. నెలల ముందే అయిపోవాలి. చెవి గుబిలి పుల్లతో తీసి కర్ణభేరికి చిల్లు తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు, ఈఎన్‌టీ డాక్టరు చేతే తీయించండి.

టాటూ మోచేతి లోపలి వైపు నుంచి మణికట్టు దాకా, లేదా అరచేతి వెనక మాత్రమే ఒప్పుకుంటారు. భుజం మీద, మెడ మీద ఉంటే కష్టం. గిరిజనులకి ఆచారం ప్రకారం సడలింపు ఉంది. కళ్ళజోడు తీసేయడానికి లేసిక్ చేయించుకోవాలనుకునేవాళ్ళు తొందరపడొద్దు. ఇరవై నిండకముందు చేయించుకున్నది ఆఫీసర్ ఎంట్రీల్లో ఒప్పుకోరు.

అన్‌ఫిట్ అన్నంత మాత్రాన అయిపోలేదు. మిలటరీ ఆసుపత్రిలో రివ్యూకి పంపుతారు. గడువు చాలా తక్కువ, ఇచ్చిన కాగితం మీదే ఉంటుంది. దాన్ని జేబులో పెట్టుకుని దిగులుగా ఇంటికొచ్చి, వారం తర్వాత చదివేవాళ్ళే ఎక్కువ.

ప్రశ్న: ఒక్కగానొక్క కొడుకు. వద్దంటే వినడు. ఏమన్నా అయితే ఎలా అని నిద్ర పట్టట్లేదు. నేను సంతకం పెట్టకపోతే ఆగిపోతుందా?
– ఒక తల్లి, సూర్యాపేట జిల్లా

జవాబు: అమ్మా, పద్దెనిమిది నిండని అబ్బాయైతే తల్లిదండ్రుల సంతకం కావాలి. నిండాక అక్కర్లేదు. కాబట్టి సంతకంతో ఆపడం కొన్ని నెలల మాటే.

భయం లేదని మేం చెప్పలేం. గల్వాన్‌లో 2020లో ప్రాణాలిచ్చిన కల్నల్ సంతోష్‌బాబు మీ సూర్యాపేటవారే. ఎక్కడ ఏ పని అన్నదాన్ని బట్టి ప్రమాదం మారుతుంది. సరిహద్దులో, మంచు ప్రాంతంలో ఇన్‌ఫాంట్రీ (పదాతిదళం) జవాను రోజు వేరు, వర్క్‌షాపులోనో స్టోర్సులోనో పనిచేసేవాడి రోజు వేరు. కానీ ట్రేడు ఏదైనా ఆయుధం పట్టే శిక్షణ అందరికీ ఉంటుంది, ఫీల్డ్ పోస్టింగు ఎవరికైనా పడొచ్చు.

అగ్నివీర్‌కి జీతంలో కోత లేకుండా 48 లక్షల బీమా ఉంటుంది. విధి నిర్వహణ కారణంగా చనిపోతే దానికి తోడు 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన సర్వీసు కాలానికి జీతం, సేవానిధి కుటుంబానికి వస్తాయి. సర్వీసు వల్ల వైకల్యం వస్తే శాతాన్ని బట్టి 44, 25, 15 లక్షలు. కుటుంబ పెన్షన్ మాత్రం లేదు, రెగ్యులర్ జవాను కుటుంబానికి ఉంటుంది. నామినీ పేరు, బ్యాంకు ఖాతా సరిగ్గా రాశాడో లేదో చేరేనాడే అడగండి. ఆ మాట ఎత్తడం అపశకునం అనుకోకండి.

సెలవు సంగతి కూడా తెలిసి ఉండాలి. అగ్నివీర్‌కి ఏడాదికి 30 రోజులు. రెగ్యులర్ జవానుకి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్. పండక్కి కావాలంటే పండక్కి రాదు, యూనిట్‌లో వంతు వచ్చినప్పుడు వస్తుంది. మీ ఆరోగ్యానికో పొలానికో మనిషి దగ్గర ఉండాల్సిన అవసరం ఇప్పటికే ఉంటే, భయం కన్నా ముందు మాట్లాడాల్సింది దాని గురించి. అబ్బాయితో ఆ లెక్క కూర్చుని మాట్లాడండి. ఏడిస్తే మొండికేస్తాడు, లెక్క చెబితే వింటాడు.

ప్రశ్న: బీఎస్సీ చివరి ఏడాది చదువుతున్నాను. అమ్మాయిలకి నిజంగా కెరీర్ ఉందా, పేరుకేనా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఉంది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పుతో ఆర్మీలో కొన్నేళ్ళకే తీసుకునే షార్ట్ సర్వీసు మహిళా అధికారులకి పర్మనెంట్ కమిషన్ దారి తెరుచుకుంది. ఎన్‌డీఏలో చేరిన మొదటి అమ్మాయిల బ్యాచ్, 17 మంది, 2025 మేలో బయటికొచ్చారు. మీకు ఎన్‌డీఏ వయసు దాటింది. సీడీఎస్ రాసి ఓటీఏకి, ఏఎఫ్‌క్యాట్ రాసి ఎయిర్‌ఫోర్స్‌కి వెళ్ళొచ్చు. ఏఎఫ్‌క్యాట్‌లో ఫ్లయింగ్‌కి 20 నుంచి 24, గ్రౌండ్ డ్యూటీకి 26 దాకా. ఫ్లయింగ్‌కి ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ చదివి ఉండాలి కాబట్టి బైపీసీ నుంచి వచ్చినవాళ్ళు ముందే చూసుకోండి. అగ్నివీర్‌గా అయితే ఆర్మీలో మిలటరీ పోలీసు విభాగం, నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఉన్నాయి.

ఆర్మీలో ఇన్‌ఫాంట్రీ, ఆర్మర్డ్ (యుద్ధ ట్యాంకుల దళం) మహిళలకి ఇంకా లేవు. ఆ మేరకు తలుపు మూసే ఉంది. షార్ట్ సర్వీసు పదేళ్ళు, మరో నాలుగేళ్ళు పొడిగించుకోవచ్చు. అధికారి పెన్షన్‌కి ఇరవై ఏళ్ళ సర్వీసు కావాలి, అంటే పద్నాలుగేళ్ళకి బయటికొస్తే పెన్షన్ లేదు. లెఫ్టినెంట్‌గా మొదలయ్యే మూల జీతం ఏడో వేతన సంఘం లెక్కలో 56,100, దానికి మిలటరీ సర్వీస్ పే 15,500, డీఏ కలుస్తాయి. శిక్షణ పూర్తయ్యేదాకా పెళ్ళి చేసుకోకూడదు. సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఈ మాట ముందే చెప్పండి.

ప్రశ్న: ఎస్సెస్‌బీలో రెండుసార్లు మొదటిరోజే పంపేశారు. కోచింగ్ తీసుకోవాలా?
– ఒక డిగ్రీ పట్టభద్రుడు, హైదరాబాద్

జవాబు: మొదటిరోజు రెండే ఉంటాయి. లాజిక్ ప్రశ్నల పరీక్ష, బొమ్మ చూసి కథ రాసి చర్చించడం. రెండుసార్లూ అక్కడే ఆగారంటే, లాజిక్ పరీక్షలో మార్కులు తగ్గుతున్నాయేమో ముందు చూసుకోండి. అందరూ చర్చలో అరవలేదనే పంపారనుకుంటారు. బొమ్మ 30 సెకన్లు చూపిస్తారు, నాలుగు నిమిషాల్లో కథ రాయాలి. బొమ్మలో కనిపించని యుద్ధాలు, ఉగ్రవాదులు తెచ్చి పెట్టడం పెద్ద తప్పు. పొలం గట్టు మీద ఇద్దరు కనబడితే కథ పొలం గురించే ఉండాలి: ఎవరు, సమస్య ఏంటి, ఏం చేశారు, ఏమైంది. చర్చలో సంతలా అరుస్తుంటే, రెండుసార్లు మాట్లాడినా వినబడేలా, పక్కవాడి మాట మీద మాట కట్టేలా మాట్లాడితే చాలు.

మాక్ ఇంటర్వ్యూకి, ఇంగ్లీషు భయం పోవడానికి కోచింగ్ కొంత పనికొస్తుంది. బట్టీ పట్టిన జవాబులకి పనికిరాదు. రెండోరోజు 60 పదాలు ఒక్కోటిగా చూపించి, తట్టిన వాక్యం రాయడానికి ఒక్కోదానికి 15 సెకన్లు మాత్రమే ఇచ్చేది బట్టీ నిలవకూడదనే. ముందు నింపే వివరాల ఫారంలో ఫుట్‌బాల్ అని రాస్తే, మీ ఊరి జట్టులో ఎన్ని మ్యాచ్‌లు ఆడారో, ఏ స్థానంలో ఆడారో అడుగుతారు. ఆడని ఆట రాయకండి.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, 26 ఏళ్ళు. బోర్ కొట్టేసింది. ఆర్మీలో చేరిపోదామనుంది.
– ఒక ఇంజినీరు, హైదరాబాద్

జవాబు: బీటెక్ ఉండి పెళ్ళి కాకపోతే ఆర్మీ షార్ట్ సర్వీస్ టెక్నికల్ ఎంట్రీకి 27 దాకా వయసుంది. మీ చేతిలో ఒకటో రెండో నోటిఫికేషన్లే ఉన్నాయి. అది దాటితే ఉద్యోగం చేసుకుంటూనే చేరగలిగే టెరిటోరియల్ ఆర్మీ ఉంది, 42 దాకా. బోర్ మాటకొస్తే, సైన్యంలో రిజిస్టర్లు, స్టోర్ల తనిఖీలు, ఎవరో రాసిన ఉత్తరానికి జవాబులు మీరనుకునే దానికంటే ఎక్కువ. రెండు మూడేళ్ళకోసారి ఊరు మారాలి. పైవాడి ఆజ్ఞ నచ్చకపోయినా చేయాలి, నోటీసు పీరియడ్ ఇచ్చి మానేయడం ఉండదు. ఇవి తెలిసీ వెళ్ళాలనిపిస్తే వెంటనే దరఖాస్తు చేయండి.

ప్రశ్న: నాలుగు లక్షలిస్తే మెడికల్ పాస్ చేయిస్తానని ఒకాయన అంటున్నాడు. సగం ముందు, సగం తర్వాత.

జవాబు: అతను ఎవరికీ ఏమీ చేయడు. పదిమంది దగ్గర సగం తీసుకుంటాడు, వాళ్ళలో సొంతంగా పాసైనవాళ్ళ దగ్గర మిగతా సగం వసూలు చేస్తాడు, పోయినవాళ్ళకి తిప్పలు పెడతాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అతని దగ్గర పెట్టారా? ముందు అవి తెచ్చుకోండి. ఆ తర్వాత పోలీసులకి, ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసుకి చెప్పండి.

ప్రశ్న: ఆధార్‌లో పేరు ఒకలా, పదో తరగతి మెమోలో ఒకలా ఉంది. ఇబ్బందా?
– ఒక అభ్యర్థి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చాలా ఇబ్బంది. మన రాష్ట్రాల పిల్లలకి ఇది ఎక్కువ, కారణం ఇంటిపేరు. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా మారుతుంది, బ్యాంకులో చివరికి పోతుంది. సైన్యం మెమోలో ఉన్న పేరు, పుట్టినతేదీనే తీసుకుంటుంది. మిగతావన్నీ దానికి సరిపోవాలి, తల్లిదండ్రుల పేర్ల స్పెల్లింగుతో సహా. దరఖాస్తు చేశాక కాదు, ఇప్పుడే ఆధార్ సరిచేయించండి. స్థానికత, కుల, నడవడిక, అవివాహిత సర్టిఫికెట్లు కావాలి. నడవడిక, అవివాహిత సర్టిఫికెట్లు ఆరు నెలల లోపువి కావాలి. అఫిడవిట్ నోటిఫికేషన్‌తో ఇచ్చిన నమూనాలోనే ఉండాలి. నోటరీ దగ్గర ఉండే సొంత నమూనా మీద సంతకం పెట్టొస్తే వెనక్కి పంపుతారు.

ప్రశ్న: చేరాక నచ్చకపోతే మానేయొచ్చా?
– ఒక ఇంటర్ విద్యార్థి, కరీంనగర్

జవాబు: అగ్నివీర్ నాలుగేళ్ళ మధ్యలో సొంతంగా మానేయడానికి లేదు. అసాధారణ పరిస్థితుల్లో అనుమతిస్తే తన సేవానిధి వాటా, వడ్డీ మాత్రం ఇస్తారు. ఎన్‌డీఏ, ఐఎంఏ, ఓటీఏల్లో వైద్య కారణం కాకుండా సొంతంగా వదిలేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టమనే బాండు మీద మీరు, మీ తల్లిదండ్రులు ముందే సంతకం పెడతారు. చెప్పకుండా ఇంటికొచ్చేస్తే అది క్రమశిక్షణ కేసు.

నచ్చుతుందో లేదో ముందే తెలుసుకోవాలంటే కాలేజీలో ఎన్‌సీసీలో చేరండి. పది రోజుల క్యాంపులో తెల్లవారుజామున లేవడం, పాత్ర పట్టుకుని వరసలో నిలబడటం, పదిమందితో ఒకే గదిలో పడుకోవడం, తప్పు పక్కవాడిదైనా అందరికీ శిక్ష పడటం అన్నీ చిన్న మోతాదులో ఉంటాయి. సీ సర్టిఫికెట్ వస్తే అగ్నివీర్ ఎంపికలో బోనస్ మార్కులున్నాయి. సీ సర్టిఫికెట్‌లో కనీసం బీ గ్రేడు, డిగ్రీలో 50 శాతం ఉంటే, ఆఫీసర్ ఎంట్రీకి రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్సెస్‌బీకి పిలుస్తారు. మీ కాలేజీలో ఎన్‌సీసీ నమోదు మొదటి ఏడాది మొదట్లోనే జరుగుతుంది, డిగ్రీలో చేరిన వారంలోనే అడగండి.